అయిదుగురు రోగులు – రెండులక్షల శిశువులు

ఊపిరితిత్తుల వ్యాధికిని అనువంశికతకును గల సంబంధమును చెప్పవలసివచ్చినపుడెల్ల ఉదహరింపబడు పరిశోధనాపత్రము ఒకటి కలదు. స్వీడన్ దేశమున మాల్మో నగరమందు పనిచేయుచుండిన లారెల్, ఎరిక్‌సన్ అను ఇరువురు దానిని 1963లో ప్రకటించిరి. పత్రము చిన్నది, కీర్తి పెద్దది. ఆ కీర్తి న్యాయమైనదే. కాని దానిని సాధారణముగా తిరిగి చెప్పెడి తీరు మాత్రము సరియైనది కాదని నా అభిప్రాయము.

రక్తపు సీరమును ఒక పలుచని పట్టీపై నుంచి విద్యుత్తును ప్రసరింపజేసినచో, అందలి మాంసకృత్తులు వేర్వేరు వేగములతో కదలి చారలుగా విడిపోవును. ప్రయోగశాలకు వచ్చిన సుమారు 1,500 నమూనాలలో అయిదింటియందు ఆల్ఫా-1 అనబడు చార కానరాలేదు. మరియొకరైనచో పరికరపు లోపమని త్రోసివేసియుందురు. వీరట్లు చేయక, ఆ రక్తము ఎవరిదని విచారించిరి. అయిదుగురిలో ముగ్గురు చిన్నవయసుననే ఎంఫిసీమాకు లోనైనవారు. అనగా వాయుకోశముల గోడలు శిథిలమై ఊపిరి విడుచుట కష్టమైనవారు. ఒకరి కుటుంబమందు ఈ వ్యాధి ఇతరులకును ఉండెను. పారవేయదగినట్లు కనబడిన ఫలితమును పట్టుకొని రోగి మంచమువరకు నడచిరి. పత్రము గొప్పతనమంతయు అందే కలదు.

లోపించిన పదార్థము ఆల్ఫా-1 ఆంటీట్రిప్సిన్. ఈ పేరు విద్యార్థిని తప్పుదారి పట్టించును. ట్రిప్సిన్ జీర్ణరసములోనిది, ఇచ్చట అదుపులో నుంచవలసినది తెల్లరక్తకణములు విడుచు ఎలాస్టేజ్ అను ఎంజైము. అది అదుపు తప్పినచో వాయుకోశములకు సాగుడుగుణము నిచ్చు ఎలాస్టిన్‌నే హరించివేయును. ఆంటీట్రిప్సిన్‌లోని 394 ఎమైనో ఆమ్లములలో 342వ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు లైసిన్ చేరినచో దానిని జడ్ రకమందురు. తల్లినుండియు తండ్రినుండియు ఈ రకమే సంక్రమించినవారిలో ఆ మాంసకృత్తు చాలవరకు కాలేయమందే చిక్కుకొని, మామూలు పరిమాణములో 10–15 శాతము మాత్రమే రక్తములో కనబడును.

ఇంతవరకు ఆక్షేపణ లేదు. ఇచ్చటినుండి "ఆ జన్యువున్నచో ఆ వ్యాధి తప్పదు" అను నిర్ణయమునకు దూకుటయే అసలు చిక్కు. ముగ్గురనియే పత్రము చెప్పినది, అయిదుగురని కాదు. అంతకంటె ముఖ్యముగా, వైద్యపరీక్షకై వచ్చిన రక్తములలో వెదకినవారికి రోగులే ఎక్కువగా కనబడుదురు. సప్లిమెంటరీ పరీక్షకు వచ్చినవారిని మాత్రమే చూచి, తరగతియంతయు తప్పినదని తలచుట వంటిది ఇది. ఈ దోషము లారెల్, ఎరిక్‌సన్‌లది కాదు. వారికి దొరికిన నమూనాలవి. వారి వెనుక వచ్చిన కథకులకు మాత్రము ఈ క్షమ వర్తింపదు.

ఏలయన, రోగులను గాక జనసామాన్యమును పరీక్షించిన ఫలితము చాలకాలముగా లభ్యమగుచున్నది. 1972–74 సంవత్సరములలో స్వీడన్‌లోనే స్వేగర్ అను వైద్యుని పరిశోధనలో 2,00,000 మంది నవజాత శిశువుల రక్తము పరీక్షింపబడెను. సుమారు 120 మందిలో జడ్ రకము రెండు ప్రతులును కనబడెను. వారిని దశాబ్దములతరబడి గమనించుచు వచ్చిరి. ముప్పదియేండ్లు దాటినపిదప కూడ, పొగత్రాగనివారిలో చాలమంది శ్వాసశక్తి ఇంచుమించు ఇతరులతో సమానముగనే యుండెను. త్రాగినవారిలో క్షీణత పొడసూపెను. వార్ధక్యమున నేమగునో ఇంకను చూడవలసియున్నది. అయినను ఆసుపత్రి చూపిన చిత్రమునకును దీనికిని ఎంత భేదము!

పొగకు ఇంతటి ప్రభావ మెట్లు కలిగెను? అది తెల్లరక్తకణములను ఊపిరితిత్తులలోనికి రప్పించి ఎలాస్టేజును పెంచును. ఉన్న కొద్ది ఆంటీట్రిప్సిన్‌లోను 358వ స్థానమందలి మెథియొనిన్‌ను ఆక్సీకరించి, దానిని నిర్వీర్యము చేయును. మంచి జన్యువు కలవానిలోను ఈ రెండు పనులును జరుగును. "మా వంశమున ఎవరికిని ఉబ్బసము లేదు" అని చుట్ట ముట్టించువాడు ఈ సంగతి వినవలెను. 2009 ప్రాంతమున ఈ వ్యాధికి సంబంధించినదిగా 15వ క్రోమోసోముపై గుర్తింపబడిన భాగములో నికోటిన్ గ్రాహకముల జన్యువులే ఉండుట మరియొక వింత. ఊపిరితిత్తులకు హాని చేయుటలో అవి కొంతవరకు పొగాకుపై మక్కువను పెంచుట ద్వారానే పనిచేయుచున్నవి. దీనిని అనువంశికత యనవలెనా, అలవాటనవలెనా?

ఇక మన సంగతి. జడ్ రకము ముఖ్యముగా ఉత్తర ఐరోపా ప్రజలలోనిది; భారతదేశమున మిక్కిలి అరుదు. ఆ దేశములలో సైతము దీర్ఘకాలిక శ్వాసావరోధ రోగులలో ఈ లోపము కలవారు నూటికి ఒకరిద్దరే. ఊదుగొట్టముతో పిడకల పొయ్యిని రాజేయుచు, ఏనాడును బీడీ ముట్టక, ఏబదియవయేట ఆయాసముతో ఆసుపత్రి మెట్లెక్కు పల్లెటూరి ఇల్లాలి సీరమును పట్టీపై నుంచి చూచినచో, ఆల్ఫా-1 చార సాధారణముగా ఉండవలసినచోటనే ఉండును.