బ్యాటరీ లేకుండా బదులిచ్చే చీటీ

మెల్‌బోర్న్‌లోని ఎంపోరియం మాల్‌లో బట్టల సంస్థ యూనిక్లో 2014 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలో తన మొదటి దుకాణం తెరిచింది. ఇప్పుడు ఆ దేశంలో దాని దుకాణాల్లో బిల్లు కట్టే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఒక్కో చొక్కా తిప్పి బార్‌కోడ్ వెతికే పని లేదు. కొన్నవన్నీ తొట్టిలో వేస్తే క్షణాల్లో తెర మీద లెక్క వచ్చేస్తుంది. కెమెరా ఏదో చూసి ఉంటుందనుకుంటాం. నిజానికి బట్టలకు వేలాడే ధర చీటీలే జవాబు చెప్పాయి. ఒక్కో చీటీ లోపల ఒక ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు, అంటే రేడియో తరంగాలతో తన నంబరు చెప్పే ట్యాగు, ఉంది.

చీటీ పొర విప్పితే పల్చటి ప్లాస్టిక్ మీద అల్యూమినియం గీతలు, వాటి నడుమ ఆవగింజకన్నా చిన్న చుక్క కనిపిస్తాయి. చుక్క చిప్, గీతలు యాంటెన్నా. పనితనమంతా ఆ గీతల్లోనే ఉంది. ఆస్ట్రేలియాలో ఈ ట్యాగులను చదివే రీడర్లు 920 నుంచి 926 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఆ తరంగం పొడవులో సగం సుమారు 16 సెంటీమీటర్లు. యాంటెన్నా బాగా పలకాలంటే దాదాపు అంత పొడవు కావాలి. చొక్కా చీటీలో అంత చోటెక్కడిది? అందుకే గీతను మెలికలు తిప్పి సగం జాగాలో ఇముడుస్తారు. ఇంకో చిక్కుంది. చిప్‌ది కెపాసిటర్ స్వభావం. దాన్ని అలాగే వదిలేస్తే వచ్చిన శక్తిలో చాలాభాగం లోపలికి దిగకుండా తిరిగిపోతుంది. దాన్ని సరిచేయడానికి చిప్‌ను ఆనుకుని చిన్న లూప్ గీస్తారు. విడిగా కాయిల్ పెట్టరు, టంకం వేయరు. గీత ఆకారమే ఆ పని చేసిపెడుతుంది. ఈ ట్యాగులో నా మనసు దోచింది ఈ లూపే.

మన దేశంలో ఇదే పనికి 865 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు వాడతారు. కారు అద్దం మీది ఫాస్టాగ్‌ది కూడా ఈ కుటుంబమే. తిరుప్పూరులో కుట్టిన టీషర్టు అక్కడి గోదాములోనూ, సిడ్నీ దుకాణంలోనూ పలకాలంటే ఒకే గీత రెంటికీ సరిపోవాలి. సరిపోయేలా గీస్తున్నారు కూడా.

ట్యాగులో బ్యాటరీ లేదు. రీడర్ వదిలిన తరంగంలోంచి వాట్‌లో లక్షో వంతు అందినా చిప్ మేల్కొంటుంది. తనంత తానుగా ఏ తరంగమూ పుట్టించదు. తన మీద పడిన తరంగాన్నే ఎక్కువా తక్కువా చేస్తూ తిప్పికొడుతుంది, ఆ తేడాల్లోనే తన నంబరు చెబుతుంది. ఈ ఊహను హ్యారీ స్టాక్‌మన్ 1948లోనే పత్రంగా రాశాడు.

తొట్టిలో ఇరవై బట్టలుంటే అన్నీ ఒక్కసారే అరవవా? అరవవు. రీడర్ అడగగానే ప్రతి ట్యాగూ తనలో తాను ఒక అంకె అనుకుంటుంది, రీడర్ పిలుపు పిలుపుకీ దాన్ని ఒకటి తగ్గించుకుంటుంది. సున్నాకు చేరినది ముందుగా 16 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. రీడర్ ఆ సంఖ్యను తిరిగి పలికాకే తన అసలు గుర్తింపు సంఖ్య ఇస్తుంది, ఆపైన మౌనం వహిస్తుంది. రెండు ఒకేసారి పలికి గజిబిజి అయితే మళ్లీ అంకెలు. సెకనులో వందల ట్యాగులు ఇలా వరుస తప్పకుండా లెక్క చెప్పేస్తాయి.

ఈ విద్యలో ఆస్ట్రేలియా వట్టి కొనుగోలుదారు కాదు. ఈ ట్యాగుల మీద 1999లో ఎంఐటీలో మొదలైన ఆటో-ఐడీ కృషి తర్వాత కొన్ని విశ్వవిద్యాలయాలకు విస్తరించింది. వాటిలో అడిలైడ్ ఒకటి. అక్కడి ప్రయోగశాలను నడిపిన ప్రొఫెసర్ పీటర్ కోల్ ట్యాగుల భద్రత మీద కూడా పుస్తకం తెచ్చారు. ఇవాళ ఆ దేశపు కేమార్ట్ దుకాణాల్లో టోరీ అనే రోబో బట్టల వరుసల మధ్య తిరుగుతూ ట్యాగులు చదివి సరుకు లెక్క తీస్తోంది.

లోపాలు లేకపోలేదు. లోహం, నీళ్లు ఈ తరంగాలకు గిట్టవు. అంతకన్నా పెద్దది గోప్యత సంగతి. దుకాణం దాటాక కూడా ట్యాగు ఎవరి రీడర్ అడిగినా బదులిస్తుంది. దాని నోరు శాశ్వతంగా మూయించే ఆజ్ఞ ఈ ట్యాగుల సాంకేతిక ప్రమాణంలోనే ఉంది. బిల్లు కట్టించుకున్న వెంటనే ఆ ఆజ్ఞ ఇవ్వడం ప్రతి దుకాణమూ అలవాటు చేసుకోవాలి. అంతవరకు, కొత్త బట్ట తొడుక్కునే ముందు ఆ చీటీ కత్తిరించేయండి.