తిరిగిన బండి మంచిదే

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మన మెట్ట ప్రాంతంలో ఎవరైనా ముందు చూసేది మీటరే. రెండేళ్ల బండి 70 వేల కిలోమీటర్లు తిరిగిందంటే "పిప్పి చేసి వదిలారు" అనుకుని వెనక్కి వచ్చేస్తాం. హైబ్రిడ్ కార్ల విషయంలో ఈ అలవాటు మార్చుకోవాలని నా గట్టి నమ్మకం. మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, హోండా సిటీ హైబ్రిడ్ 2022లో వచ్చాయి. అప్పటి నుంచి బాగా తిరిగిన బండ్లు ఇప్పుడు అమ్మకానికి దొరుకుతున్నాయి.

ఆ 70 వేలు ఎక్కడ తిరిగినవో ఒక్కసారి లెక్క వేయండి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ వారం వారం నందిగామ వచ్చిపోయే మనిషికి రానూపోనూ సుమారు 440 కిలోమీటర్లు. ఏడాదికి 22 వేలు. రోజూ ఆఫీసుకు 50 చొప్పున మరో 12 వేలు. రెండేళ్లకు 70 వేలకు దగ్గర పడుతుంది. అందులో మూడింట రెండు వంతులు 65వ నంబరు జాతీయ రహదారి మీద నిలకడగా సాగిన ప్రయాణమే. ఇంజను ఒకసారి వేడెక్కాక ఒకే వేగంతో నడిచిన దూరం బండిని పెద్దగా అరగదీయదు. పైగా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ లాంటి వాటిలో అరిగిపోవడానికి క్లచ్చే లేదు. వేగం తగ్గించేటప్పుడు మోటారే బండిని వెనక్కి పట్టి బ్యాటరీకి చార్జింగ్ ఇస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లూ ఎక్కువ కాలం వస్తాయి.

అందరికీ భయం బ్యాటరీ గురించే. మారుతి, టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, ఏది ముందైతే అది. రెండేళ్లలో 70 వేలు తిరిగిన బండికి ఇంకా ఆరేళ్లు, 90 వేల కిలోమీటర్లు మిగులుతాయి. ఏడాదికి 15 వేలు తిరిగే కుటుంబానికి ఆ రెండూ ఒకేసారి ముగుస్తాయి. అంతకన్నా ఎక్కువ తిరిగేవాళ్లు ఆ మేరకు ధర తగ్గించమని గట్టిగా అడగాలి.

నన్ను నిజంగా భయపెట్టేది నీళ్లు. 2023 జులైలో ఐతవరం దగ్గర మున్నేరు హైవే మీదికి వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో కాలనీలకు కాలనీలనే ముంచింది. అప్పుడు మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు. ఈ మధ్య మా మేనల్లుడితో కలిసి రెండు బండ్లు చూశాను. ఒకటి 70 వేలు తిరిగింది, రెండోది 18 వేలే. రెండోదానికి కొత్త సీటు కవర్లు, ధర కూడా తక్కువ. "మామయ్యా, ఇదే తీసుకుందాం" అన్నాడు వాడు. నేను వెనక సీటు బెల్టు చివరిదాకా లాగాను. మొదటి రెండు మూరలు తళతళలాడాయి, ఆ తర్వాత ఎండిన బురద చార. సీటు కింద పట్టాలకు తుప్పు. స్టెప్నీ గుంటలో, వేలు పెడితే అంటుకునే సన్నటి ఒండ్రు. "అన్నా, అద్దం దించి ఉంటే పడిన వాన నీళ్లే" అన్నాడు మధ్యవర్తి. అద్దంలోంచి పడిన వానకు బెల్టు చుట్టలో బురద ఎలా చేరుతుంది? మామూలు కారైతే వైరింగ్ మార్చి నడిపించవచ్చేమో. వెనకవైపు డిక్కీ దిక్కున హైబ్రిడ్ బ్యాటరీ ఉన్న బండిలోకి నీళ్లు చేరితే నేను చవకకు కూడా ముట్టుకోను. నారింజ రంగు కేబుళ్లలో పారేది ప్రాణం తీసే కరెంటు. ఆటోనగర్‌లో ఎంత పనిమంతుడైనా, శిక్షణ లేకపోతే వాటి జోలికి పోకూడదు.

బ్యాటరీని చల్లబరిచే గాలి చాలా మోడళ్లలో కారు లోపలి నుంచే పోతుంది. ఆ గాలి పోయే జాలీలో దుమ్ము పట్టిందేమో చూడండి. మిర్చి టిక్కీలు మోసిన బండైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. మీటరు తిప్పారన్న అనుమానం ఉంటే కంపెనీ సర్వీసు రికార్డు అడగండి, ప్రతిసారీ ఎన్ని కిలోమీటర్ల దగ్గర బండి వచ్చిందో అందులో ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల్లో తయారైన వారం, ఏడాది ఉంటాయి. వాటిని మీటరుతో సరిపోల్చుకోండి.

ఇంకో మాట. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 అని కంపెనీ చెప్పే అంకె చూసి మురిసిపోవద్దు. ఆగుతూ కదులుతూ పోయే బెంజి సర్కిల్ లాంటి చోటే హైబ్రిడ్ ఆదా బాగా తెలుస్తుంది. జగ్గయ్యపేట నుంచి కోదాడకు వందలో పోయి వందలో వచ్చే మనిషికి అంత మిగలదు. విజయవాడలో రోజూ పని ఉన్నవాళ్లకైతే నేను సందేహించకుండా కొనమనే చెబుతాను.

తెలంగాణ నంబరు బండైతే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో కనుక్కున్నాకే బేరానికి కూర్చోవాలి. ఫైనాన్సు తీరిందో లేదో ఆర్‌సీలో చూడాలి, బండి పేరు మారిన 14 రోజుల్లోపే ఇన్సూరెన్సు మార్పుకూ దరఖాస్తు చేయాలి.

మేనల్లుడు చివరికి 70 వేలు తిరిగిన బండికే అడ్వాన్సు ఇచ్చాడు. ధర కొంత తగ్గించారు. కంపెనీ షెడ్డులో హైబ్రిడ్ బ్యాటరీ పరీక్ష చేయించి, ఆ రిపోర్టు చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇస్తామన్నాం. ఓనరు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.