వాన రాత్రికీ వాంతికీ మధ్య

మన సినిమా వానకి పొలం తడపడం కన్నా పెద్ద పని ఒకటుంది. పాడుబడ్డ బంగళా, తడిసిన చీర, చలిమంట, ఇద్దరు మనుషులు. కెమెరా మర్యాదగా మంటవైపు తల తిప్పుకుంటుంది. తర్వాతి సీనులో కథానాయిక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగు! డాక్టరమ్మ వచ్చి నాడి పట్టుకుని – వట్టి నాడి పట్టుకుని! – సంగతి తేల్చేస్తుంది. ఇక మిగతా సినిమాకి సరిపడా కన్నీళ్లు సిద్ధం.

1969లో హిందీలో వచ్చిన 'ఆరాధన' ఈ వానకి పెద్ద పేరు తెచ్చింది. ఆ కథే 1974లో మనకి 'కన్నవారి కలలు' అయింది. ఆ తర్వాత మన తెరమీదా, సీరియల్ నవలల్లోనూ ఎన్ని వానలు కురిశాయో లెక్కపెట్టడం నావల్ల కాదు.

నా పేచీ నీతి గురించి కాదండీ, ఎడిటింగు గురించి. ఆ రాత్రికీ ఆ వాంతికీ మధ్య కొన్ని వారాలున్నాయి. అందులో మొదటి నాలుగైదు రోజులే అసలు కథ. ఆ అమ్మాయి చేతిలో ఏదైనా ఉంటే అప్పుడే ఉంది. సరిగ్గా ఆ ముక్కనే కత్తిరించి పారేస్తారు. రాత్రి గడిచిందంటే ఇక వాంతి కోసం ఎదురు చూడటమే అని తరాల తరబడి మనకి అలవాటైపోయింది. పైగా ఈ అవస్థ పెళ్లికాని పిల్లలకే వస్తుందని కూడా! నిరోధ్ చిరిగిన రాత్రి, రోజువారీ మాత్ర మర్చిపోయిన వారం, ఇద్దరు పిల్లల తల్లికి మాత్రం ఉండవూ?

పాతవాళ్లని నేను తప్పుపట్టను. కలయిక తర్వాత మాత్రలు వేసుకుని గర్భం రాకుండా చూసుకునే ఒక పద్ధతిని కెనడా డాక్టరు యూజ్పే ప్రచురించింది కూడా 1974లోనే. మన మందుల షాపుల్లో లెవొనార్‌జెస్ట్రెల్ మాత్ర డాక్టరు చీటీ లేకుండా దొరకడం 2005 నుంచి. ఆ తర్వాత రాసేవాళ్లకి మాత్రం ఈ మినహాయింపు చెల్లదు. హీరో చేతిలో ఫోను మారింది, కారు మారింది. మర్నాటి పొద్దు మారలేదు.

2007లో టీవీలోకి 'ఐ-పిల్' ప్రకటనలు వచ్చాయి. ఆ మాట నలుగురున్న ఇంట్లో వినిపించడమే మేలు, కాదనను. కానీ రచనగా చూస్తే బెదురు ముఖం, మాత్ర, చిరునవ్వు – అంతే. దాని పక్కనే అబార్షన్ మాటని కూర్చోబెట్టడంతో రెండూ జనం బుర్రల్లో అతుక్కుపోయాయి. "అది కడుపు పోగొట్టే మాత్రేగా?" అని మా పిన్ని ఇప్పటికీ అడుగుతుంది. కాదు పిన్నీ. అండం విడుదలని అది వాయిదా వేస్తుంది. కడుపు అప్పటికే నిలిచి ఉంటే దాన్నేమీ చేయలేదు. కడుపు తీయించే మందులు వేరు, వాటికి డాక్టరు ఉండాలి.

ఇక ఆ '72 గంటలు'. కరెంటు బిల్లు గడువులా వినిపిస్తుంది కదూ? మూడో రోజున కట్టినా చెల్లుతుందిలే అన్నట్టు. ఇక్కడ గంట గడిచేకొద్దీ నమ్మకం తగ్గుతుంది, వీలైనంత త్వరగా వేసుకోవాల్సిందే. ఐదు రోజుల్లోపు డాక్టరు దగ్గర కాపర్-టి వేయించుకుంటే అంతకన్నా గట్టి భరోసా. మాత్ర వేసుకున్నాక మళ్లీ కలిస్తే ఆ రాత్రికి ఇది కాపలా కాయదు. నెలసరి వారం దాటి ఆలస్యమైతే పరీక్ష చేయించుకోవాలి. ప్రకటనకి వీటికి తీరిక ఉండదు. కథకి ఉంటుంది.

మందుల షాపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఒకమ్మాయి వచ్చి ముందు తలనొప్పి మాత్ర అడుగుతుంది. పక్కన దగ్గుమందుకొచ్చిన పెద్దాయన కదలడు. ఆమె ఫోను చూసుకుంటుంది, సబ్బుల ధరలు చదువుతుంది, చివరికి తలనొప్పి మాత్రతోనే వెళ్లిపోతుంది. సాయంత్రం వేరే వీధిలో వేరే షాపు. అక్కడ కుర్రాడు ఆమె మెడకేసి చూసి, కాగితంలో చుట్టి ఇస్తాడు. ఆ ఒక్క పూటలో ఏం పోయిందో ఆమెకి తెలుసు. ఇంత ఉత్కంఠ మన థ్రిల్లర్లలో ఎక్కడుంది?

ఇలాంటి కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. అలవాటు కొద్దీ వాంతి సీను కావాలంటే పెట్టుకోండి, అభ్యంతరం లేదు: మాత్ర మింగిన రెండు గంటల్లోపు, అది బయటికొచ్చేసి, ఆమె మళ్లీ అదే షాపుకి పోవలసి వచ్చేట్టు.