కెమెరా వెనుక ఎవరు? - కృష్ణాడెల్టా పత్రికా ఛాయాచిత్రం: దళిత దృక్పథం

కీలకపదాలు: పత్రికా ఛాయాచిత్రం, దళిత విమర్శ, స్వానుభవం, గోర్డన్ పార్క్స్, చుండూరు.

1. ప్రవేశిక

సార్వా వస్తే పత్రికల్లో ఊడ్పుల చిత్రాలు కనిపిస్తాయి. బురదనీరు, పచ్చని నారు, వరుసగా వంగిన నడుములు. చిత్రం కింద ఊరిపేరు, ఛాయాగ్రాహకుని పేరు ఉంటాయి. ఆ కూలీ స్త్రీల పేర్లు సాధారణంగా ఉండవు. ఈ లోపాన్ని దళిత విమర్శ వెలుగులో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. సాహిత్యం వేసిన ప్రశ్న

కారంచేడు (1985), చుండూరు (1991) ఘటనల తరువాత 'ఎవరి గురించి రాస్తున్నారు' అన్న ప్రశ్నకు 'ఎవరు రాస్తున్నారు' అన్న ప్రశ్న తోడైంది. 1995లో వెలువడిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం దళిత కవుల గొంతులను ఒకచోట చేర్చింది. సానుభూతి వేరు, స్వానుభవం వేరు అని విమర్శ గుర్తించింది. తెలుగు పత్రికలకు కేంద్రంగా నిలిచిన విజయవాడలో సైతం ఈ కొలమానం కవిత్వానికి వర్తించినంతగా ఛాయాచిత్రానికి వర్తించలేదు.

3. కెమెరా వెనుకవారు

వాషింగ్టన్ పోస్ట్ ఢిల్లీ విలేకరి, నల్లజాతీయుడు కెన్నెత్ కూపర్ ఒక దళిత పాత్రికేయుణ్ణి కలవాలనుకున్నాడు. ఆయన కోసం వెతికిన బి.ఎన్. ఉనియాల్‌కు ఒక్కరూ దొరకలేదు. ఈ అనుభవాన్ని ఉనియాల్ 1996లో 'పయనీర్' పత్రికలో నమోదు చేశారు.

అమెరికాలో ఇదే వెలితిని గోర్డన్ పార్క్స్ (1912-2006) ఎదుర్కొన్నాడు. 1942లో వాషింగ్టన్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఊడ్చే ఎల్లా వాట్సన్‌ను జాతీయజెండా ముందు చీపురుతో నిలబెట్టి చిత్రించాడు. 1948లో 'లైఫ్' పత్రిక సిబ్బందిలో తొలి నల్లజాతి ఛాయాగ్రాహకుడయ్యాడు.

4. ఒక ఆక్షేపణ

జన్మ ఒక్కటే చూపును నిర్ణయిస్తుందా? నిర్ణయించదు. పార్క్స్ ముందుగా వాట్సన్ జీవితాన్ని ఆమె మాటల్లో విన్నాడు. తరువాత ఆమె ఇంటికీ, చర్చికీ వెళ్ళి మరెన్నో చిత్రాలు తీశాడు. ఆమె పేరు నేటికీ నిలిచింది. అయితే అంత ఓపికతో వినాలన్న పట్టుదలకు ఆయన స్వయంగా అనుభవించిన వర్ణవివక్ష బలాన్నిచ్చింది. కనుక కెమెరా ఎవరి చేతిలో ఉంది, ఆ చేయి ఎంతసేపు అక్కడ ఆగింది అన్న రెండు ప్రశ్నలనూ కలిపే అడగాలి.

5. ముగింపు

పత్రికా ఛాయాచిత్రాన్నీ, దాని కింది వ్యాఖ్యనూ సాహిత్యపాఠంలాగే చదవవలసి ఉంది. ఏ చిత్రంలో ఎవరికి పేరుంది, ఎవరికి లేదు అన్నది తెలుగుశాఖల్లో పరిశోధనాంశం కాగలదు. ఊడ్పులకు వెళ్ళే తల్లుల పిల్లలు నేడు మన తరగతిగదుల్లో ఉన్నారు. వారి చేతుల్లోని ఫోన్లలో కెమెరాలున్నాయి. పత్రికా కార్యాలయాల్లో మాత్రం వారికింకా తగినంత చోటు దక్కలేదు. ఆ చోటు దక్కేదాకా డెల్టా చిత్రం సగమే.