ఆటలో కథ ఎక్కడ వుంది?

వీడియో గేములలోని కథను గూర్చి మాట్లాడేవారు తరచు రెండు పక్షాలుగా చీలిపోతారు. ఆటకు కథతో పని లేదని ఒక పక్షం. సినిమాలోలాగ దృశ్యాలు, సంభాషణలు చేరిస్తేనే ఆటకు గౌరవమని రెండో పక్షం. ఇద్దరూ కథను ఆటకు వెలుపల వుండే వస్తువుగానే భావిస్తున్నారు. ఆటలో కథ అన్నిటికంటె ముందు దాని నియమాలలో వుంటుందని నా అభిప్రాయం. ఇందుకు 2013లో లూకాస్ పోప్ వెలువరించిన ‘పేపర్స్, ప్లీజ్’ను ఉదాహరణగా తీసుకుంటాను.

కాలం 1982. ఆర్‌స్టోట్జ్‌కా అనే కల్పిత నిరంకుశ రాజ్యపు సరిహద్దు చెక్‌పోస్టు. లాటరీలో ఉద్యోగం దొరికిన తనిఖీ గుమాస్తా పాత్ర ఆటగాడిది. వరసలో వచ్చినవారి పాస్‌పోర్టు చూడాలి. పేరు, తేదీ, ఫొటో సరిపోతే పచ్చ ముద్ర. తేడా వుంటే ఎర్ర ముద్ర. తనిఖీ చేసిన ఒక్కొక్క మనిషికి ఐదు క్రెడిట్ల కూలి. రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరికతో సరి. మూడో తప్పునుంచి జరిమానా. రాత్రికి ఇంటి లెక్క: అద్దె, తిండి, చలికి వేడి, జబ్బు చేసినవారికి మందు. మాసిన రంగులు, మొరటు బొమ్మలు తప్ప మరే ఆర్భాటమూ లేదు.

తొలి రోజుల్లోనే ఒకతను సరైన కాగితాలతో వచ్చి, వెనక తన భార్య వుందని చెప్పి దాటిపోతాడు. ఆమె దగ్గర ప్రవేశపత్రం లేదు. తిప్పి పంపితే చంపేస్తారని వేడుకుంటుంది. నాకు ఆ రోజు రెండు హెచ్చరికలూ అయిపోయాయి. ఇంట్లో కొడుక్కి జబ్బు. ఎర్ర ముద్ర వేశాను.

ఇదే ఘట్టం నవలలో చదివితే, ఆమెకోసం కంట తడిపెట్టి, గుమాస్తాను తిట్టుకుని, నా మంచితనానికి నేనే సంతోషించి పుస్తకం మూసేవాణ్ణి. కథ వినేవాడు ఊ కొడితే చాలు. ఇక్కడ ఊ కొట్టి వూరుకునే వీలు లేదు, పని చెయ్యాలి. క్రౌర్యం దుర్మార్గుల స్వభావంలోనుంచే పుట్టదనీ, కూలి రేటులో, జరిమానాలో, తరిమే గడియారంలో దాన్ని ముందే అమర్చి పెట్టవచ్చుననీ ఈ ఆట ఉపన్యాసం లేకుండా రుజువు చేస్తుంది. శిల్పమూ వస్తువూ ఒకటి కావడమంటే ఇదే.

లోపం లేకపోలేదు. వరసలోని జనం ఒకరి వెనక ఒకరు వస్తారే తప్ప ఒకరితో ఒకరు కలవరు. తిరుగుబాటు ‘ఎజిక్’ అనే రహస్య సంఘం కుట్రగానే కనిపిస్తుంది. ఇరవై ముగింపులున్నాయి, గుమాస్తా దయ చూపగలడు, లంచం తినగలడు, దేశం విడిచి పారిపోగలడు. సాటి గుమాస్తాలతో కలిసి ముద్ర కింద పెట్టడం మాత్రం అతని చేతిలో లేదు. నిరంకుశ పాలనలో మనిషి ఒంటరివాడేనని దీన్ని సమర్థించవచ్చు. నిజమే, కాని చరిత్రలో అటువంటి పాలనలు కూలింది ఒంటరి దయవల్ల కాదు.

మనిషిని యంత్రంలో మరగా మార్చే నియమాలను ఈ ఆట నిజాయితీగా చూపింది. మనుషులు కలిసి నిలబడే పనిని కూడా అంత నిజాయితీతో నియమంగా మలచగల ఆటకోసం నేను ఎదురుచూస్తున్నాను.