షాడో నవలలు – ఒక విమర్శ

గూఢచారి నవలలు మన యిండ్లలో తలగడ క్రిందనో, పాఠ్యపుస్తకము నడుమనో దాగియుండెడివి. బల్లమీద బహిరంగముగ నుంచినవా రరుదు. ఇంతమంది చదివియు నింత తక్కువగ విమర్శింపబడిన వాఙ్మయము తెనుగున మఱియొకటి లేదేమో.

మధుబాబు అను పేరుతో ప్రసిద్ధులైన వల్లూరు మధుసూదనరావుగారు షాడో యను గూఢచారిని సృష్టించి పదులకొలది నవలలు వ్రాసిరి. వారికి ముందే కొమ్మూరి సాంబశివరావుగారు డిటెక్టివు యుగంధరును, అతని సహాయకుడగు రాజును తెనుగువారి కెఱింగించియుండిరి. యుగంధరు జరిగిన నేరమునకు కారణము వెదకును. షాడో జరుగబోవు కీడు నడ్డగించును. మొదటివాని యాయుధము తర్కము, రెండవవానిది సాహసము. కులకర్ణి యను నధికారి యాజ్ఞాపించుట, షాడో శత్రువుల చెఱకు చిక్కుట, తప్పించుకొనుట – కథాశరీరము తఱచుగ నింతియే.

ఈ నవలలయం దొక గొప్ప గుణము కలదు. అది వేగము. వాక్యము చిన్నది, నిఘంటువుతో పనిలేదు, ప్రకరణాంతమున నొక యాపద వేచియుండును. అద్దెపుస్తకముల దుకాణమున చిల్లర చెల్లించి, రాత్రికి రాత్రి చదివి, తెల్లవాఱి మఱియొకటి తెచ్చుకొను నలవాటును బాలురకు నేర్పినవి యివియే. శబ్దమంజరి నడుమ షాడోను దాచి చదివినవారిలో నేనును ఒకడను.

ఇక లోపము. కౌటిల్యుడు కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు అను నైదుగురిని సంస్థలుగను, సత్రి, తీక్ష్ణుడు, రసదుడు, భిక్షుకి అను నలుగురిని సంచారులుగను చెప్పెను. వీరిలో ప్రాణములకు తెగించి పోరాడువాడు తీక్ష్ణుడు. షాడో యట్టివాడే. తక్కినవారి పని, అనగా వినుట, ఓర్చుట, నమ్మించుట, ఈ కథలలో మిక్కిలి తక్కువ. ముద్రారాక్షసమున యమపటము చూపుచు తిరుగు చారుడు తెచ్చిన యొక్క యుంగరము రాజనీతినే మార్చివేయును. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. మలయకేతుని వంచించుచున్న భాగురాయణుడు, తన్ను ప్రేమించువానిని మోసగింపవలసి వచ్చెనే యని లోలోన నొచ్చుకొనును. ఆంగ్లమున జాన్ లె కారె 1963లో ప్రకటించి ప్రసిద్ధికెక్కిన గూఢచారి నవలకును ఈ నొప్పియే ప్రాణము. నేను చదివిన షాడో కథలలో దేహమునకు తగిలిన గాయములు పెక్కులు. మనస్సునకు తగిలినవి కొలది.

ఇట్లు తూచిన పిదప వీనిని నిషేధింపవచ్చునా? నేనొకప్పు డట్లే చేసితిని. సుమారు పదునైదేండ్ల క్రిందట తరగతిలో షాడో చదువుచున్న విద్యార్థి చేతినుండి పుస్తకము లాగికొని, పరిహసించి, మరల నియ్యనైతిని. ఇటీవల హైటెక్ సిటీ మెట్రో స్టేషనులో నతడు నమస్కరించెను. ఇంజనీరుగ నున్నాడు. “సార్, ఆ పుస్తకం సగంలో ఆగిపోయింది. తర్వాత నేను తెలుగు పుస్తకం పట్టనే లేదు” అని నవ్వుచు ననెను. అందు నింద లేదు. అందుచేతనే నాకా రాత్రి నిద్ర పట్టలేదు. అతనికి భాగురాయణుని చూపవలసినవాడను, షాడోను మాత్రము లాగికొంటిని.

1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన యా ప్రాంతమున నేడు మెడలోని కార్డు చూపినగాని తలుపు తెఱువబడదు; కెమెరా ప్రతివానిని గమనించుచుండును; రహస్యములు కంప్యూటర్లలో నుండును. అచ్చటి గూఢచారికి పిడికిలికంటె నమ్మించు నేర్పే యెక్కువ పనికివచ్చును. ఆ నవలను తెనుగున వ్రాయువాడు ముందుగ తెనుగు చదివినవాడై యుండవలయును గదా.

కావున గృహస్థులకు నా మనవి యిది. పిల్లవాని తలగడ క్రింద షాడో కనబడినచో దానిని బల్లమీద పెట్టుడు. చదివి ముగించిన పిదప, “ఇంతమందిని మోసగించినవానికి బాధ కలుగలేదా?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు వాడు సమాధానము వెదకనారంభించిన దినమున ముద్రారాక్షసము వాని చేతి కిండు.