ఆకు లోపలికి, మన్ను పైకి

మాఘమాసంలో సికింద్రాబాద్ మారేడుపల్లి వీధుల్లో పొద్దున్నే చీపురు చప్పుడుతో పాటు పొగ వాసన కూడా వస్తుంది. వేప, రావి, కానుగ, నిద్రగన్నేరు, ఒకదాని వెనుక ఒకటి ఆకు రాలుస్తాయి. రాలినదంతా కుప్ప చేసి అగ్గి పెట్టడం మనకు అలవాటైపోయింది. ఆ పొగ కనబడితే చాలు, నిండు గాదెకు నిప్పంటుకున్నట్టు నా ప్రాణం గిలగిలలాడుతుంది.

మూడేళ్ళ కిందట మా గల్లీ ఊడ్చే అక్కను ఆపి, ఆ ఆకు నాకిమ్మని అడిగాను. "గీ చెత్త నీకెందుకమ్మా? అగ్గి వెడితే ఐపాయె" అంది. పెరట్లోకి తీసుకెళ్ళి నేను తవ్విన గుంత చూపించాను. కాసేపు చూసి, "మా ఊళ్ళె పెంటగుంత లెక్కనే ఉన్నదిగదా!" అంది. అప్పటినుంచి ఏటా ఈ రోజుల్లో మా గేటు పక్కన బస్తాలు పేరుస్తోంది.

మా పెరడు పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, కంకర అక్కడే పరిచి పైన కాస్త మట్టి చల్లేశారు. మొదటి రెండేళ్ళు ఏ విత్తనం వేసినా జానెడు లేచి పసుపెక్కిపోయేది. ఎరువు సంచులు, మందు సీసాలు కొని పైపైన పోస్తూ వచ్చాను. కింద ఏముందో ఒక్కసారీ తవ్వి చూడలేదు.

నాచేత గడ్డపార పట్టించింది మన సికింద్రాబాద్ రైతే. అల్వాల్‌కు చెందిన చింతల వెంకట్‌రెడ్డికి వ్యవసాయంలో చేసిన కృషికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆయన పండించిన విటమిన్ డి వరి, గోధుమల గురించి చెప్పారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన మట్టి పద్ధతి. ఏళ్ళ తరబడి పంటలు తీసిన పై మట్టి నిస్సారమవుతుంది, లోపలి మట్టిలో ఖనిజాలు ఉంటాయి, దాన్ని తవ్వి పైన పరిస్తే అదే ఎరువు అంటారాయన. ఆ మన్నునే నీళ్ళలో కలిపి పైరు మీద పిచికారీ కూడా చేస్తారు.

ఎకరాల్లో చేసిన పని పెరట్లో చేయలేమా అనుకుని ఒక మూల గుంత మొదలుపెట్టాను. పైన అరడుగు లోతు కంకరా పెళ్ళలే. వాటిని ఏరి పారేశాక ఎర్రమన్ను తగిలింది. తడిపి పిసికితే ముద్దయింది. మూడడుగుల దగ్గర మొరం వచ్చింది. మనం దేని మీద బతుకుతున్నామో మౌలాలి గుట్టను చూస్తే తెలుస్తుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు అది. ఎండకూ వానకూ ఆ రాయి చివికి మొరమవుతుంది, మొరం ఇంకా చివికితే మన్నవుతుంది. రాతిలోని ఫెల్డ్‌స్పార్ బంకమన్నుగా మారుతూ పొటాషియాన్ని వదులుతుంది. ఇనుము తుప్పు పట్టి మట్టికి ఎరుపు తెస్తుంది. నేను బజారులో కొంటున్న పొటాష్‌లో కొంతైనా నా కాళ్ళ కిందే ఉందన్నమాట.

రాయి ఇవ్వలేనిది నత్రజని. ఆ లోటు ఆకు తీరుస్తుంది. కానుగ, నిద్రగన్నేరు రెండూ చిక్కుడు జాతి చెట్లే. వాటి ఆకులో నత్రజని బాగా ఉంటుంది. పల్లెల్లో కానుగ రొట్టను తెచ్చి మడిలో తొక్కేది అందుకే. అదే ఆకును పట్నంలో మనం కాలుస్తున్నాం.

ఇప్పుడు ఏటా నేను చేసే పని ఇది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతున గుంత తీస్తాను. పైకి వచ్చిన ఎర్రమన్నును రెండంగుళాల మందాన మడి మీద పరుస్తాను. గుంతలో ఎండుటాకు ఒక వరస, వంటింటి తొక్కలూ పచ్చి పేడా ఒక వరస. ఎండుటాకు మూడు పాళ్ళయితే పచ్చిది ఒక పాలు. ప్రతి వరసా తడిపి, పైన పిడికెడు మట్టి చల్లి, పాత గోనె కప్పుతాను. పదిహేను రోజులకోసారి తిరగేస్తాను. ఎండుటాకును నేరుగా మొక్క మొదట్లో పాతకూడదు. అది కుళ్ళడానికి కావలసిన నత్రజనిని నేలలోంచే లాక్కుంటుంది, మొక్క పస్తుంటుంది. మొదట్లో నేనూ అలాగే పాతాను. నా మొక్కలు పసుపెక్కడానికి ఇదీ ఒక కారణమని ఆలస్యంగా తెలిసింది. గుంతలో పట్టని ఆకును మాత్రం మడి మీద కప్పుగా పరుస్తాను. ఎండలకు తేమ ఆరిపోదు.

వసంతం ఉగాదితో వస్తుందని అప్పటిదాకా ఆగితే మన ఊళ్ళో ఆలస్యమే. ధనిష్ఠ కార్తెలో, అంటే ఫిబ్రవరి రెండో వారంలో విత్తనం పడాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే నాటికి వేరు లోతుకు దిగి ఉండాలి. బెండ గింజలు రాత్రి నానబెట్టి, జానెడున్నర ఎడంతో, అంగుళం లోపు లోతున పెడతాను. పక్కన గోరుచిక్కుడు. గోడవారగా సొర, కాకర పాదులు. బెండ నెలన్నర, రెండు నెలల్లోపే కాపుకొస్తుంది. ఉగాది దాటిన కొద్ది రోజులకే పులుసులోకి సొంత బెండకాయ దొరుకుతుంది.

గుంతలోని ఆకు మృగశిరకు నల్లగా, పొడిపొడిగా ఎరువై చేతికొస్తుంది. తొలకరి మొక్కలకు అదే బువ్వ. మాఘంలో రాలినది జూన్‌లో పనికొచ్చేలా చెట్టే లెక్క వేసి పెట్టింది. మధ్యలో అగ్గిపుల్ల గీయకుండా ఉండటమే మనం చేయాల్సింది.

పోయిన మృగశిరకు అక్క ఒక తట్టెడు ఎరువు అడిగి తీసుకెళ్ళింది. ఇంటి ముందు నూనె డబ్బాల్లో మిరప నారు పెట్టిందట. వారం తర్వాత కనబడి, "డబ్బల నీళ్ళు వోస్తే మా ఊరి చెలక వాసనొస్తున్నదమ్మా" అంది. ఆ రోజు ఆమె చీపురు పట్టుకుని నిలబడ్డ చోట పొగ లేదు.